పల్లకీకి ముందొచ్చిన సైకిలు

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది కాబట్టి కథ కూడా పొట్టిదే.

ఆ ఆదివారం పొద్దున సోయాపాల కొట్టు యుంగ్ఫా కోరిక చాలా చిన్నది. ఊళ్లో సైకిలు పందెం. జీవితంలో అతనికిదే మొదటిది, గెలవాలన్న ఆశ లేదు. వెనకబడ్డవాళ్లను ఎక్కించుకునే వ్యాను తనను అందుకోకముందే చివరిదాకా చేరితే చాలు.

“వ్యానెక్కి వచ్చావో, ఆ సైకిలు మా తమ్ముడికిచ్చేస్తా,” అంది భార్య సూచిన్. “హాల్లో దానికి తగలకుండా నడవలేక చస్తున్నా.”

“అది గాలికంటే తేలికే!”

“గాలైతే అడ్డం ఉండదు.”

బిగుతు నిక్కరు వేసుకుంటే వీధివాళ్లు నవ్వుతారని యుంగ్ఫా పాత పంట్లాంతోనే బయల్దేరాడు. గొలుసులో పడకుండా కుడికాలు మోకాలిదాకా మడిచాడు. బూట్లు మాత్రం కొత్తవి, పెడల్‌కు అతుక్కునేవి. అతుక్కోవడం వాటికి బాగా వచ్చు, వదలడమే రాదు. జెండా ఊపగానే పక్కకు ఒరిగి పడ్డాడు. లేచేసరికి కుడిబూటు పెడల్‌కే ఉండిపోయింది. మిగతావాళ్లు మలుపు దాటిపోయారు.

వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, “బాబాయ్, ఇప్పుడే ఎక్కుతావా, కాసేపాగి ఎక్కుతావా?” అన్నాడు.

యుంగ్ఫా ఆ బూటు మీదే వట్టికాలు ఆనించి తొక్కడం మొదలెట్టాడు.

మధ్యాహ్నం అదే దారిన మాజూ అమ్మవారి పల్లకీ రావాలి. దానికి ముందు నడిచే చాటింపు మనిషి వాలకం పసిపిల్లలకూ తెలుసు. ఒక పంట్లాం కాలు పైకి మడిచి ఉంటుంది, ఆ కాలికి చెప్పుండదు, చేతిలో గంట ఉంటుంది. మొదటి ఊళ్లో కోడి అడ్డమొచ్చిందని యుంగ్ఫా బెల్లు కొట్టాడు.

“వచ్చేశాడర్రా!” అని ఒక ముసలావిడ కేకేసింది. “ఈ ఏడు సైకిలు మీదొచ్చాడు! పల్లకీ వెనకే ఉంది, రండి!”

“అవ్వా, నేను పందెం...”

“తెలుసులే నాయనా, తొందరలో ఉన్నావు. ఇది తిని పో.”

అమ్మవారి పేర పెట్టింది కాదనకూడదు. ఆకులో కట్టిన జిగురన్నం తిన్నాడు. తరవాతి బల్ల దగ్గర నూడుల్స్, దాని తరవాత టీలో ఉడికించిన గుడ్లు. ‘పందెం’ అనబోయిన ప్రతిచోటా నోట్లో ఏదో ఒకటి పెట్టారు.

వెనక టపాకాయలు పేలాయి. వ్యాను హారను మోగి మోగి ఆగిపోయింది. తిరిగి చూశాడు. పల్లకీ తమ మీదుగా పోవాలని జనం రోడ్డు పొడుగునా బోర్లా పడుకున్నారు. వాళ్ల మీదుగా వ్యాను నడిపే డ్రైవరు ఇంకా పుట్టలేదు.

నిజం చెప్పేస్తే జనం లేస్తారు. జనం లేస్తే వ్యాను వస్తుంది. యుంగ్ఫా ఇంకోసారి బెల్లు కొట్టాడు.

పందెం ముగిసేది సూచిన్ పుట్టింటి ఊళ్లో. అక్కడా జనం బోర్లా పడుకునే ఉన్నారు. బెల్లు వినగానే ముందు వరసలో ఒకావిడ తలెత్తకుండానే చేతులు జోడించింది.

“తల్లీ, మా ఆయన్ని ఎలాగైనా వ్యానెక్కించు.”

“ఎక్కలేదు,” అన్నాడు యుంగ్ఫా.

నియమం నియమమే కాబట్టి చివరివాడిగా పతకం మెళ్లో వేశారు. అసలు చాటింపు మనిషి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి ఊళ్లలో ఒక్క టపాకాయ లేదు, ఒక్క గుడ్డు లేదు. పెద్దలు యుంగ్ఫాను గుళ్లోకి పిలిపించారు. శిక్ష ఏమిటో అమ్మవారే చెప్పాలని, గుడి పెద్ద అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. నేల మీద వేస్తే అవి పడే తీరే అమ్మవారి జవాబు.

“జరిమానా వెయ్యమంటావా తల్లీ?” చెక్కలు కాదన్నాయి.

“వచ్చే ఏడు పల్లకీ ముందు నడిపించమంటావా?” మళ్లీ కాదన్నాయి. యుంగ్ఫా మొహం వికసించింది.

వెనకనుంచి సూచిన్ గొంతు వినబడింది. “పెద్దయ్యా, సైకిలేమైనా కావాలేమో అడిగి చూడండి.”

మూడుసార్లు వేస్తే మూడుసార్లూ ఔననే పడ్డాయి.

సైకిలిప్పుడు గుళ్లో ఉంది, ముందు అగరొత్తులతో సహా. పున్నమి పున్నమికీ సూచిన్ వెళ్లి దానికి దణ్ణం పెడుతుంది. యుంగ్ఫా పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా టైర్లలో గాలి నొక్కి చూస్తాడు.

— చెన్ షియూయిన్, డెబ్బై మూడేళ్లు, ఇప్పుడు ఉంటున్నది తైనాన్‌లో.