పిప్పర్‌మెంటు డబ్బాలో చేప పొలుసు

ఆ శనివారం పొద్దున రాదోవాన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక పిప్పర్‌మెంటు రేకు డబ్బాను సాజవా నది మీది ఇనుప వంతెన కమ్మీ కింద ఎవరి కంటా పడకుండా అంటించాలి, ఆ చోటు వెతికేవాళ్ళందరికీ తెలిసేలా ఫోన్‌లో మీట నొక్కాలి, భోజనం వేళకు ఇంటికొచ్చేయాలి. అతను ఊళ్ళో బస్సు నడుపుతాడు. బస్సు దిగితే జియోకాచింగ్ పిచ్చి. ఎవరో దాచిన డబ్బాను ఫోన్ చూపే గుర్తులను బట్టి వెతికి పట్టుకోవడం, లోపలి చీటీ మీద మారుపేరుతో సంతకం చేయడం, అందులో ఉన్న వస్తువు తీసుకుంటే బదులుగా మరొకటి పెట్టడం. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళు దాచినవి వెతికాడే గానీ తను దాచింది ఒక్కటీ లేదు. ఆ లోటు ఇవాళ తీరబోతోందని పళ్ళు తోముకుంటూ కూడా ఈల వేశాడు.

డబ్బాలకు ఆ ఇంట్లో కొదవ లేదు. అత్తగారు బ్లజేనా సిగరెట్లు మానేసి పిప్పర్‌మెంట్ల మీద పడింది. ఖాళీ అయిన డబ్బాలన్నీ వంటింటి కిటికీలో బారులు తీరి ఉంటాయి, ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో సూదులు, ఒకదాంట్లో గసగసాలు. రాదోవాన్ చేతికి అందిన డబ్బాలో మాత్రం ఎండిపోయిన చేప పొలుసు ఒకటుంది. క్రిస్మస్ విందులో పళ్ళెం కింద పెట్టిన పొలుసును ఏడాది పొడుగునా దగ్గర ఉంచుకుంటే అదృష్టం కలిసొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. మళ్ళీ క్రిస్మస్‌కు కొత్తది వస్తుంది, పాతది చెత్తలోకి పోతుంది. ఇదేమో పసుపుపచ్చగా మారి, ఒక అంచు విరిగి ఉంది. పారేయడం మరిచిపోయారు కాబోలు అనుకున్నాడు. మొదట వెతికి పట్టుకున్నవాడికి కాస్త అదృష్టం కానుకగా ఉండనీ అని ఉదారంగా దాన్ని అలాగే వదిలేసి, పక్కన చీటీ, పెన్సిల్ ముక్క పెట్టాడు. మూతకు ముదురాకుపచ్చ రంగు పూసి, అడుగున అయస్కాంతం అంటించి, వంతెన దగ్గర పని ముగించుకుని వచ్చాడు.

భోజనాల దగ్గర బ్లజేనా గారు మంచి జాకెట్టు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఊరి బీరుశాలలో మర్యాష్ పేకాట పోటీ. గెలిచినవాళ్ళకు బాతు. గత మూడేళ్ళుగా చివరి ఆటలో ఆవిడ రిటైరైన పోస్టుమాస్టరు హినెక్ వొండ్రుష్కా చేతిలోనే ఓడిపోతోంది. ఆయన ప్రతిసారీ బాతును చంకన పెట్టుకుని, వచ్చే ఏడు చూద్దాం లెండి అని వంగి నమస్కారం పెట్టి మరీ పోతాడు. ఈసారి కూడా ఓడితే జన్మలో పేక ముట్టనని ఆవిడ అందరి ఎదుటా ఒట్టు వేసింది. భర్త పోయాక ఆవిడకు మిగిలిన సరదా ఆ ఒక్కటే.

"నా డబ్బా ఏదే? మీ నాన్న పొలుసున్న డబ్బా," అని ఆవిడ కూతుర్ని అడిగింది.

రాదోవాన్ నోటి దాకా వెళ్ళిన క్నెడ్లీకి అనే పిండి ఉండ ముక్క సాసులోకి జారిపోయింది. పెళ్ళాం ద్రహోమీరాను సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి సంగతి చెప్పాడు.

"మీకు బుద్ధుందా అండీ? అది మా నాన్న చివరి క్రిస్మస్‌నాడు తన పళ్ళెం కింద నుంచి తీసి అమ్మ చేతిలో పెట్టిన పొలుసు."

"చెత్తనుకున్నానే."

"అది లేకపోతే అమ్మ ఆడదు. ఆడినా ఓడిపోతుంది. ఓడిపోతే ఇక ఎక్కడికీ వెళ్ళదు, పొద్దస్తమానం మన వంటింట్లోనే ఉంటుంది. మీ ఎదురుగానే."

ఆమె మాట పూర్తయ్యేసరికి రాదోవాన్ వీధిలో ఉన్నాడు, ఒక కాలికి బూటు, రెండో కాలికి ఇంటి చెప్పు. ఇక్కడ ద్రహోమీరా ఇంకో డబ్బాలో చప్పుడు కోసం ఒక పిప్పర్‌మెంటు బిళ్ళ వేసి, గట్టిగా రబ్బరు బ్యాండు చుట్టి, విప్పితే అదృష్టం ఆవిరైపోతుందని తల్లి చేతిలో పెట్టి పంపింది.

వంతెన కింద డబ్బా ఉంది. పొలుసు లేదు. దాని బదులు ఒక ప్లాస్టిక్ నత్త నవ్వుతోంది. చీటీ మీద సంతకం, తడిసిన ముళ్ళపంది. ఆ ముళ్ళపంది ఎవరో డబ్బాల వేటగాళ్ళందరికీ తెలుసు, మందుల దుకాణం లిబూషె. రాదోవాన్ వెళ్ళేసరికి ఆమె దుకాణం మూస్తోంది. అదృష్టం ఒకచోట నిలవ ఉండకూడదు కదా అని, దాన్ని అడవిలో పాత సున్నపు బట్టీ పక్కన మొద్దులో ఉన్న డబ్బాలో వేసేశానని తాపీగా చెప్పింది.

సెప్టెంబరు నెల, పైగా రెండు రోజుల కిందటే వాన పడింది. ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని పుట్టగొడుగుల కోసం అడవిలోనే ఉంది. రాదోవాన్ మొద్దు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడో లేదో, ఒక బుట్టావిడ వచ్చి ఏం దొరికాయని అడిగింది. వేటగాడు కానివాడికి డబ్బా చోటు చూపించడం మహాపాపం. అందుకని ఏమీ లేవండీ అంటూ కోటు విప్పి మొద్దు మీద కప్పాడు. అడవిలో మోకాళ్ళ మీదున్న మనిషి ఏమీ లేవన్నాడంటే పుట్టగొడుగుల గనే దొరికిందని అర్థం. దాని మీద కోటు కూడా కప్పాడంటే ఇక అనుమానమే లేదు. ఆవిడ మొగుణ్ణి కేకేసింది, మొగుడు బావమరిదికి ఫోన్ చేశాడు. కాసేపట్లో మొద్దు చుట్టూ బుట్టలే బుట్టలు.

"గుండీ పోయిందండీ, వెతుక్కుంటున్నా," అన్నాడు రాదోవాన్ చెమటలు కక్కుతూ.

"అయ్యో పాపం, మేమూ వెతుకుతాం," అని అందరూ ఎంతో మర్యాదగా చతికిలబడ్డారు. ఒకాయన నిజంగానే ఒక గుండీ వెతికి ఇచ్చాడు కూడా. రాదోవాన్ కృతజ్ఞతలు చెప్పి జేబులో వేసుకోక తప్పలేదు. ఆ సందడిలోనే కోటు కింద చెయ్యి పెట్టి డబ్బా తెరిచి చూశాడు. పొలుసు బదులు సీసా మూత తీసే పరికరం ఒకటుంది. సంతకం, సైకిల్ తాతయ్య.

ఈ చుట్టుపక్కల సైకిలు మీద డబ్బాలు వెతికే తాతయ్య ఒక్కడే ఉన్నాడు, హినెక్ వొండ్రుష్కా. అత్తగారి అదృష్టం స్వయంగా శత్రువు జేబులోకి నడిచి వెళ్ళిందన్నమాట. అతను కోటు లాక్కుని పరుగందుకున్నాడు. అతను పరుగెత్తాడంటే ఇంతకంటే మంచి చోటు ఇంకోటి ఉండే ఉంటుందని బుట్టలన్నీ వెనకే పరుగెత్తాయి.

బీరుశాలలో చివరి ఆట నడుస్తోంది. తలలో పైన్ సూదులతో, ఒంటి చెప్పుతో రాదోవాన్, అతని వెనక రొప్పుతున్న పాతికమంది లోపలికి వచ్చిపడ్డారు. యజమాని దేవుడికి దండం పెట్టుకుని గ్లాసులు నింపడం మొదలుపెట్టాడు. రాదోవాన్ వంగి వొండ్రుష్కా చెవిలో ఆ పొలుసు ఇచ్చేయమని బతిమాలాడు.

"ఆట మధ్యలో అదృష్టాన్ని ఇచ్చేయమంటావా? మీ అత్తగారు బాగానే నేర్పి పంపించిందే," అని ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు.

అయితే ఆ రోజు ఆయన చేతికి ముక్క పడటం లేదు. రాజు కావాలంటే ఎనిమిది వస్తోంది, తురుపు వేద్దామంటే తురుపే లేదు. ఎదురుగా బ్లజేనా గారు పంపకానికి ముందు రబ్బరు బ్యాండు డబ్బాను ఒకసారి గలగలలాడించి, చక్కగా పట్టు మీద పట్టు లాగేస్తోంది. చివరి పట్టును తురుపు ఏడుతో కొట్టేసరికి బీరుశాల అదిరిపోయింది. ఎందుకో తెలియకపోయినా బుట్టలవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

వొండ్రుష్కాకు ఒళ్ళు మండిపోయింది. జేబులోంచి పొలుసు తీసి బల్ల మీద విసిరికొట్టాడు. "ఇవాళే అడవిలో దొరికింది, అదృష్టమనుకుని తెచ్చుకున్నాను. దిక్కుమాలింది."

బ్లజేనా గారు పొలుసు కేసి చూసింది. విరిగిన అంచు చూసింది. తర్వాత అల్లుడి కేసి, అతని చెప్పు కేసి చూసింది. రాదోవాన్ తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. ఆవిడ రబ్బరు బ్యాండు విప్పి, డబ్బా తెరిచి, లోపలున్న పిప్పర్‌మెంటు బిళ్ళను నోట్లో వేసుకుని కాసేపు చప్పరించింది. చూస్తుండగానే ఆవిడ భుజాలు కదలడం మొదలయ్యాయి. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది.

"అల్లుడూ, మీ మామగారు బతికున్నన్నాళ్ళూ పేకాటలో ఒక్క బాతును గెలిచిన పాపాన పోలేదు. ఆయన పొలుసు పక్కన పెట్టుకుని మూడేళ్ళు ఆడాను చూడు, నాదీ ఒక బుద్ధేనా. అయినా ఆయన నాకు ప్రేమగా ఇచ్చింది కదా," అని దాన్ని చేతిరుమాలుతో తుడిచి, అందులోనే మడిచి, రవికెలో దాచుకుంది. బాతును అల్లుడి చేత మోయించి ఇంటికి తీసుకెళ్ళింది.

ఆ తర్వాతి ఏడాది నుంచీ పోటీ రోజు పొద్దునే ఆ పొలుసును వొండ్రుష్కా గారి జేబులోకి చేర్చడం, సాయంత్రానికి మళ్ళీ వెనక్కి తేవడం రాదోవాన్ పనే అయింది, దాచడంలో అతనికి అనుభవం ఉందని.