కొబ్బరి మొక్కకు పచ్చరంగు

ఆ ఆదివారం అల్లుడి పథకం చాలా చిన్నది. మామగారు నిద్ర లేచేలోగా పెరట్లో కొబ్బరి మొక్క మీద కప్పిన దుప్పటి తీయాలి. రాత్రంతా దాని పక్కన వెలిగిన హీటర్‌ను చప్పుడు కాకుండా లోపలికి తేవాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాలి.

దుప్పటి ఎత్తి చూసేసరికి అతని గుండె గుభేలుమంది. చలి నుంచి కాపాడదామని పెట్టిన హీటరే ఆకుల్ని మాడ్చేసింది.

మామూలు మొక్కయితే పీకి పారేసేవాడే. కానీ జీవితమంతా సముద్రం పక్కన గడిపిన మామగారు, కొండ మీది ఈ చలి ఊళ్లో ఉన్న కూతురింటికి వచ్చి, రెండు స్వెట్టర్లలో వణుకుతూ, వెంట తెచ్చుకున్న ఆ మొక్కను నాటి నలుగురిలో ఒక మాట అనేశారు. "ఇది బతికితే నేనూ ఇక్కడే ఉంటా. ఇది పోయిన రోజున పెట్టె సర్దుకుంటా." అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదు.

అల్లుడికి కళ్లద్దాల షాపు ఉంది. సాయంత్రం అయ్యేసరికి మామగారు అక్కడ స్టూలేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాడి ముక్కు మీదా వ్యాఖ్యానం చెబుతారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న అల్లుడికి ఆ స్టూలు ఖాళీ అవుతుందన్న ఊహే మింగుడుపడలేదు. మీరు ఉండండి అని ఆయనతో నోరు తెరిచి అనడం మాత్రం అతని వల్ల కాలేదు.

గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా కనిపించింది. సగం ఆకులు పూర్తయ్యేసరికి భార్య వచ్చింది.

"ఏంటండీ అది?"

"రంగేస్తున్నా."

"ఆకులకా? నాన్న కళ్లజోడు పెట్టుకున్నారంటే ఇట్టే పట్టేస్తారు."

ఆవిడ హెచ్చరిద్దామని అన్న మాట అతనికి సలహాలా వినిపించింది. స్క్రూ వదులైందని చెప్పి మామగారి కళ్లజోడు పట్టుకుని షాపుకు పరిగెత్తాడు. ఇన్నేళ్ల వృత్తిలో ఒక్కరికీ తప్పు అద్దం ఇవ్వని మనిషి, మొదటిసారి ఆ పని చేశాడు. అదీ సొంత మామగారికి.

ఆ కళ్లజోడు పెట్టుకున్న మామగారు కొక్కేనికి వేలాడుతున్న కోటును కుశలం అడిగారు. కాఫీలో ఉప్పు కలుపుకుని, బాగుందంటూ తాగారు. పెరట్లోకి వచ్చి, "మొక్క కళకళలాడుతోంది అల్లుడూ" అన్నారు. అల్లుడికి అక్కడే ఏడుపొచ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. పక్కింటి బోటనీ టీచరమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "రాత్రి మంచుకు మా తోటంతా పోయింది. మీ కొబ్బరెలా బతికిందండీ?"

"ప్రత్యేకమైన ఎరువు" అని నోటికొచ్చింది అనేశాడు అల్లుడు.

"మా తోటల సంఘం వాళ్లకి చూపించాల్సిందే."

"ఎందుకులేమ్మా, ఇంకోసారి చూద్దురుగాని" అని మామగారు అడ్డం పడ్డారు. ఆవిడ వింటేనా? కాసేపటికి పెరడంతా జనం. వద్దు వద్దంటున్నా వినకుండా టీచరమ్మ ఒక ఆకును ఆప్యాయంగా నిమిరింది. ఆకు పటుక్కున విరిగి చేతికొచ్చింది. చెయ్యంతా గేటు రంగు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

అల్లుడు తడి మట్టిలోనే కూలబడ్డాడు. "మొక్క పోయింది మామయ్యా. నేనే చంపేశా. మీ అద్దాలు మార్చిందీ నేనే. మీరు వెళ్లిపోతే నాకు ఎవరూ..."

మామగారు నెమ్మదిగా పక్కన కూర్చున్నారు. "నువ్వెక్కడ చంపావురా. అది పోయి నెల దాటింది. చుట్టూ ఆకులు పచ్చగానే ఉన్నా, నడిమి మొవ్వు, అదే లేత చిగురు, పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. మళ్లీ అక్కడే గుచ్చేశా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే పెట్టె సర్దుకోవాలిగా. నలుగురిలో అన్న మాటాయె. నేను చూడనట్టున్నంతకాలం అది బతికున్నట్టే. పొద్దున నువ్వీ అద్దాలు పెట్టాక ప్రాణం లేచొచ్చింది."

"మరిప్పుడు? అందరూ చూశారు కదా."

"వాళ్లు చూశారు. నాకైతే అంతా మసకే" అంటూ ఆయన మాడిన మొక్కకు కాక, పొద్దున అల్లుడు ప్లగ్గు పీకి అక్కడే మరిచిపోయిన హీటర్‌కు జాగ్రత్తగా నీళ్లు పోశారు.

మర్నాడు షాపు తెరవగానే అల్లుడు ఆ కళ్లజోడుకు మళ్లీ అద్దాలు మార్చాడు, ఈసారి ఇంకాస్త తప్పువి.