మంత్రిగారి శిరోజ సంకల్పం

వంద రోజుల్లో దేశంలో బట్టతల అన్నది కనిపించకుండా చేస్తామని ఆరోగ్య శాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. పథకం పేరు ‘శిరోజ సంకల్పం’.

“ఇంత హఠాత్తుగా ఎందుకండీ?” అని ఒక విలేకరి అడిగాడు.

“జుట్టు కూడా హఠాత్తుగానే ఊడుతుంది,” అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

అంతకు రెండు రోజుల ముందు మంత్రిగారు ఒక పేటలో క్లినిక్కు ప్రారంభించడానికి వెళ్ళారు. అక్కడ ఒక ముసలమ్మ గోడ మీది పోస్టరును, అందులో పదిహేనేళ్ళ కిందటి ఒత్తైన క్రాపును, ఎదురుగా నిలబడిన మంత్రిగారిని మార్చి మార్చి చూసి, “అబ్బాయి ఇంకా రాలేదా నాయనా? నువ్వు వాళ్ళ నాన్నవా?” అని ఆప్యాయంగా అడిగింది. ఆ సంగతి పత్రికలకు తెలియలేదు.

ప్రకటన వెలువడే సమయానికి ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు ఒక దర్జీ వేళ్ళ సందులు చూస్తున్నాడు. గజ్జి. దర్జీకీ, భార్యకీ, ఇద్దరు పిల్లలకీ పాకింది. ఆయింట్‌మెంటు నలుగురూ ఒకేసారి ఒళ్ళంతా రాసుకుంటే వారం పది రోజుల్లో దారికొచ్చే జబ్బు. ఆయింట్‌మెంటే లేదు.

“మళ్ళీ స్టాకు లేదంటారా?” అన్నాడు దర్జీ.

“ఫైలు మంత్రిగారి దగ్గరుందయ్యా.”

“నాలుగు నెలల్నించీ అక్కడే ఉందండి. నా చేతులు చూసి ఎవరూ గుడ్డ ఇవ్వట్లేదు. మిషను మీద మూత తీసి నెలయింది.”

డాక్టరు చీటీ మీద మందు పేరు మరోసారి అందంగా రాసిచ్చాడు. అంతలో మంత్రిగారి పీఏ ఫోను చేశాడు. కారు పంపిస్తున్నామన్నాడు.

మంత్రిగారు డాక్టరును కాదు, డాక్టరు తలను చూశారు. అది అద్దంలా మెరుస్తోంది.

“ఇదేంటి, మీకే లేదు?”

“నాకు అవసరం పడలేదండి.”

ఎన్నికల్లో ఎన్నడూ నిలబడని మనిషిని చూసినట్టు ఆయన జాలిగా చూసి, కుర్చీ చూపించారు.

“చెప్పండి. ఏమేం ఉన్నాయి?”

“తలకి రాసుకునే లోషనుందండి. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. మొదటి వారాల్లో ఉన్నది కూడా కాస్త ఎక్కువ రాలొచ్చు.”

“కొత్తవాళ్ళు రాకముందే పాతవాళ్ళు పోతారా? వద్దు.”

“టాబ్లెట్ ఉంది. రోజూ వేసుకోవాలి. ఆపేస్తే వచ్చిందంతా పోతుంది.”

“పదవి లాగా,” అన్నాడు పక్కన నోట్సు రాసుకుంటున్న పీఏ. మంత్రిగారు అతని వైపు చూశారు. అతను రాసుకున్నది కొట్టేశాడు.

“ఎవరికో కొద్దిమందికి... సంసార జీవితంలో కొంచెం...”

“నువ్వు బయటికెళ్ళు,” అన్నారు మంత్రిగారు పీఏతో. తలుపు పడ్డాక గొంతు తగ్గించి, “టాబ్లెట్ మాట ఇంకెత్తకండి,” అన్నారు.

“పోనీ ట్రాన్స్‌ప్లాంట్. తల వెనక ఉన్నవాటిని తీసి ముందు నాటుతారు.”

“మా పార్టీలో ఎప్పట్నుంచో చేస్తున్నదే. ఎన్నాళ్ళు?”

“నాటినవి ముందు రాలిపోయి, మళ్ళీ మొలుస్తాయి. పూర్తిగా తెలియాలంటే ఏడాది.”

“నాకున్నది వంద రోజులు. అందులో ఒకటి మీతోనే అయిపోయేట్టుంది.”

“ఇక మిగిలింది శుభ్రంగా గొరిగించేసుకోవడం. నిజానికి అదే హాయి...”

“డాక్టరుగారూ, మీరు ప్రభుత్వోద్యోగి.”

డాక్టరు లేచాడు. తలుపు దాకా వెళ్ళి, ధైర్యం కూడదీసుకుని గజ్జి ఆయింట్‌మెంటు ఫైలు సంగతి ఎత్తాడు.

“అంతేనా!” అన్నారు మంత్రిగారు ఉదారంగా. “వందో రోజు సభలో నా పక్కన నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పండి. అక్కడికక్కడే సంతకం.”

పథకం శాస్త్రీయంగా నడిచింది. మంత్రిత్వ శాఖలో బట్టతల ఉన్న ఉద్యోగులను పోగుచేసి సగంమందికి లోషను, సగంమందికి రంగునీళ్ళు ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో ఎవరికీ చెప్పకూడదు. మూడో రోజుకు ఆఫీసంతా తెలిసిపోయింది. నీళ్ళ వర్గం సీనియారిటీ ప్రకారం తమను లోషనులోకి ప్రమోట్ చేయాలని అర్జీ పెట్టుకుంది. ప్రమోట్ చేశారు. లోషనువాళ్ళలో కొందరికి నూగులాంటిది కనిపించిందని డాక్టరు రాస్తే, పీఏ దాన్ని ‘ఆశాజనకమైన దట్టదనం’ అని దిద్దాడు.

డాక్టరుకు అన్నం సయించడం లేదు. “నాలుగు మంచి మాటలేగా,” అంది భార్య. “మా నాన్న ముందు నా వంట గురించి ఇరవయ్యేళ్ళుగా చెప్పట్లేదూ?”

“అది వేరు.”

“ఏం వేరు? అప్పుడూ మీకు ఇబ్బందే, ఇప్పుడూ ఇబ్బందే. ఆ దర్జీ పిల్లల్ని తలుచుకుని చెప్పేయండి.”

వందో రోజు మంత్రిగారు వేదిక ఎక్కగానే సభ నోరు తెరిచింది. పోస్టరులోని క్రాపే. నల్లగా, ఒత్తుగా, ఎడమ పాపిటతో. భద్రతా కారణాల రీత్యా వేదిక మీది ఫ్యాన్లన్నీ ఆపేశారు. వెనక నిలబడిన డాక్టరుకు మెడ దగ్గర అంటించిన పట్టీ అంచు స్పష్టంగా కనిపిస్తోంది.

“డాక్టరుగారూ, అది నిజమైన జుట్టేనా?” అని ఒక విలేకరి అరిచాడు.

జనం మధ్యలో దర్జీ, వీపు మీదికి చెయ్యి అందక అవస్థ పడుతున్నాడు. డాక్టరు మైకు ముందుకొచ్చాడు. భార్య వంట సంగతి తప్పిస్తే జీవితంలో అబద్ధమాడిన మనిషి కాదు.

“దగ్గరగా చూసి చెబుతున్నాను,” అన్నాడు. “మంత్రిగారి తల మీదున్న ప్రతి వెంట్రుకా నిజమైన మనిషి వెంట్రుకే.”

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మంత్రిగారు కెమెరాల ముందే ఫైలు మీద సంతకం చేశారు. డాక్టరు ఇంటికెళ్ళి, రెండుసార్లు స్నానం చేశాడు.

ఆరో రోజున ఆసుపత్రి ముందు లారీ ఆగింది. పెట్టెల మీద ‘అత్యవసరం’ అని ముద్ర. వరస అప్పటికే గేటు దాటింది. నర్సు మొదటి పెట్టె కోసింది. దువ్వెనలు. రెండోది కోసింది. దువ్వెనలు. ప్రతిదాని పిడి మీదా మంత్రిగారు కొత్త క్రాపుతో నవ్వుతున్నారు.

డాక్టరు పీఏకు ఫోను చేశాడు.

“ఆయింట్‌మెంటేదండీ?”

“చర్మ విభాగం నిధులన్నీ పథకం రెండో దశకి మార్చామండి. జుట్టొచ్చిందని మీరేగా సర్టిఫై చేసింది? మరి దువ్వుకోవద్దూ?”

డాక్టరు ఫోను పెట్టేశాడు. వరసలో ముందున్న దర్జీ ఒక దువ్వెన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత చొక్కా కాలరు వెనకనుంచి లోపలికి దూర్చి, మెల్లగా కిందికీ పైకీ లాగాడు. అతని కళ్ళు అరమోడ్పులయ్యాయి.

“బానే ఉంది డాక్టరుగారూ. గోళ్ళకన్నా నయం,” అన్నాడు. “ఇంట్లో ఇంకా ముగ్గురున్నారండి.”

డాక్టరు మరో మూడు తీసి అతని చేతిలో పెట్టాడు. నర్సు రిజిస్టరు ముందుకు తోసింది.

“మందు ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టు బాబూ,” అంది.