పిచ్చుక ఏరిన ముగ్గురు

ఆ పొద్దున ఇల్లాలికి అప్పగించిన పని ఒక్కటే: భర్త తిరిగొచ్చేదాకా వెనక వరండాలో చుట్టాలకు కాపలా కాయడం. చుట్టాలంటే మనుషులు కాదు, చీటీలు.

లైబ్రరీలో ముప్పై ఏళ్ళు కార్డులు రాసి రిటైరైన ఆయన చేతులు ఊరుకోవడం లేదు. రెండేళ్ళుగా వంశచరిత్ర తవ్వుతున్నాడు. మనిషికో చీటీ రాసి, తరాలవారీగా గచ్చు మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టాడు. పై వరుసలో ఒక్క చీటీ మాత్రం ఖాళీ. అది ఆయన తాతను కన్నతల్లిది. ఆవిడ పేరు తెలిసిన ప్రాణి ఇక ఒక్క మేనత్తే. ఆ మేనత్త ఈ గుమ్మం తొక్కి పదకొండేళ్ళయింది. అప్పట్లో ఆయన కుటుంబం ఫొటోకు ఫ్రేము కట్టిస్తే, చివర నిలబడ్డ ఆవిడ కాస్తా ఫ్రేము కిందకి పోయింది. మోచెయ్యి మాత్రం మిగిలింది.

"పేరు దొరక్కపోతే ఖాళీదే అతికిస్తాను, ఏం చేస్తాం!" అని నిట్టూర్చి ఆయన పెద్ద అట్ట కొనడానికి బయల్దేరాడు. "గాలికి ఎగిరిపోకుండా చూడు. అంతే నీ పని."

"గాలి సంగతి నాకొదిలెయ్యండి. మీరు రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడండి. చూశాక మళ్ళీ చూడండి."

గాలి రాలేదు. పాలు పొంగాయి. ఆవిడ లోపలికి పరిగెత్తి, పొయ్యి తుడిచి వచ్చేసరికి మూడు గులకరాళ్ళ కింద ఏమీ లేదు. ఒక పిచ్చుక ముక్కున కాగితం కరుచుకుని వెంటిలేటర్లోని గూట్లోకి దూరుతోంది.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఎవరెవరు పోయారో చూసింది. భర్త అన్నగారు, ఆడపడుచు, ఆ మేనత్త. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్ళే, ముగ్గురూ బతికున్నవాళ్ళే. ఏనాడో పోయినవాళ్ళ చీటీలు ఒక్కటీ కదల్లేదు. ఇదేదో శకునమే అనుకుంది ఆవిడ.

"ఇంతమంది ఉండగా వీళ్ళనే ఎందుకు ఏరిందే?" అని, పెరట్లో కూర్చుని ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో రాసుకుంటున్న కూతుర్ని అడిగింది.

"దానికేం తెలుసమ్మా? గూట్లో గుడ్లున్నాయి. చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

"పెట్టను తల్లీ. దాని కళ్ళలోకి కూడా చూడను," అంటూ ఆవిడ ఫోను దగ్గరికి నడిచింది.

"బావగారూ, ఒంట్లో ఎలా ఉంది?"

"గుండ్రాయిలా ఉన్నానమ్మా. ఏం?"

"ఊరికే. ఇవాళ మెట్లు దిగకండి."

"దిగకపోతే పేపరెలా తెచ్చుకోను?"

"రేపు చదువుకోవచ్చు లెండి. ఉంటే."

"ఏముంటే?"

"పేపరుంటే, బావగారూ!" అని ఫోను పెట్టేసింది.

ఆడపడుచును "వదినా, గుండె సరిగ్గా కొట్టుకుంటోందా?" అని అడిగింది. "ఇప్పటిదాకా కొట్టుకుంది. నీ ఫోనొచ్చాకే తేడా చేసింది," అంది ఆడపడుచు. ఇక మేనత్త. భర్తకు మేనత్తంటే ఆవిడకు పిన్నిగారు. పదకొండేళ్ళ తర్వాత ఆ "హలో" వినేసరికి "పిన్నిగారూ..." అని, ఒకసారి ముక్కు ఎగబీల్చి, పెట్టేసింది.

ఆ ముక్కు ఎగబీల్పు మొత్తం చుట్టరికాన్ని కదిలించింది. ముగ్గురూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, మెట్ల సంగతీ గుండె సంగతీ కలబోసుకుని తేల్చిందేమిటంటే: మనం ముగ్గురం బాగానే ఉన్నాం, అమ్మాయేమో ఏడుస్తోంది, అంటే వాడికే ఏదో అయింది.

మధ్యాహ్నానికి బావగారు దిండూ ఫ్లాస్కూ పట్టుకుని దిగాడు. ఆడపడుచు పళ్ళ సంచితో, మేనత్త పది రోజులకు సరిపడా బట్టలతో వచ్చారు. ఇల్లాలు నోరు తెరిచేలోపే ఆడపడుచు ఆవిణ్ణి కావలించుకుని బావురుమంది. సరిగ్గా అప్పుడే భర్త అట్ట చుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. బయట చెప్పులు చూశాడు, లోపల ఏడుపు విన్నాడు, భార్యకేదో అయిందనుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు.

"చూశారా, నిలబడలేకపోతున్నాడు!" అని బావగారు ఆయన వీపుకింద దిండు దూర్చాడు.

"నీకేం కాలేదా?" అని భర్త, భార్యను చూసి.

"నాకేమవుతుంది? మీరు రెండు వైపులా చూశారా లేదా?"

"వీడికీ కాక, నీకూ కాక, మరి ఎవరికైనట్టే అమ్మాయ్?" అంది మేనత్త. అందరూ ఇల్లాలి వైపు తిరిగారు.

"మీ... మీ ముగ్గురి చీటీలు పిచ్చుక ఎత్తుకుపోయింది, పిన్నిగారూ."

ఇంకో పదకొండేళ్ళు ఖాయం అనుకుంది ఇల్లాలు. పేరూ పోయింది, మనిషీ పోయింది. మేనత్త లేచి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఏదీ, చూపించు."

అందరూ వరండాలో తలలెత్తి నిలబడ్డారు. గూట్లోంచి ఒక కాగితం కొస బయటికి వేలాడుతోంది. దాని మీద మేనత్త పేరు సగం స్పష్టంగా కనబడుతోంది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఈ ఇంట్లో నన్ను బయటికి కనబడేలా పెట్టింది ఈ పిట్టొక్కటేరా. మీ ఫ్రేము కట్టినవాడికన్నా నయం."

కూతురు అప్పటికే చతికిలబడి మిగతా చీటీలు తడిమి చూస్తోంది. "నాన్నా, పోయినవాళ్ళని అట్టముక్కల మీద రాశావా?"

"అవును. వాళ్ళ వివరాలు ఇక మారవు కదా. ఉన్నవాళ్ళ అడ్రసులు మారుతుంటాయని పల్చటి కాగితం."

"దానికి కావలసింది మెత్తటి కాగితమే. గోడ వారగా ఉన్నవి లాక్కెళ్ళింది, అంతే."

పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి ఇల్లాలు అప్పుడు వదిలింది. మేనత్త మాత్రం ఊరుకోలేదు. "నన్ను ఇంత నాసి కాగితం మీద రాస్తావట్రా? నన్నూ అట్ట మీదే రాయి."

"అత్తా, అట్ట మీదికి రావాలంటే మరి..."

"సరే సరే, తొందరేం లేదులే," అని, పై వరుసలో ఖాళీ చీటీ ముందు ఆగింది. "ఇదేంటి, మా నాయనమ్మది ఖాళీగా ఉంచావు? పేరు తెలీదా? అడగొచ్చుగా, అడిగితే నేను కరుస్తానా?"

పేరు చెప్పింది. ఆయన వెంటనే రాసుకున్నాడు. "పక్కింట్లో ఎవరైనా దగ్గితే ఈవిడకి నిద్ర పట్టేది కాదు. అచ్చం నీ పెళ్ళామే," అని కూడా చెప్పింది గానీ ఆయన అది రాయలేదు.

ఎవరికీ ఏమీ కాలేదని తేలాక, సాయంత్రానికి చుట్టాలు ముగ్గురూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. మేనత్త.

"అమ్మాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది పిన్నిగారూ. ఏం?"

"ఊరికే. నిన్న మీరంతా లోపల కాఫీ తాగుతుంటే ఆ పిట్ట ఇంకో చీటీ ఎత్తుకుపోయింది. నువ్వు బెంబేలు పడతావని చెప్పలేదు."

"ఎవరిది?"



"నువ్వు ఇవాళ మెట్లు దిగకు."

ఆ ఇంటికి మెట్లే లేవు. అయినా ఆవిడ ఆ రోజంతా దిగలేదు.