ఏడు రోజుల శాశ్వత పరిపాలన

ప్రజలకు తెలియజేయడమేమనగా, నిన్న ఇశ్రాయేలు రాజుగారు తమ గృహనిర్వాహకుడి ఇంట్లో ద్రాక్షారసం సేవిస్తుండగా, వారి మెడ రథాల దళపతిగారి కత్తికి అడ్డం వచ్చింది. కత్తికి దెబ్బేమీ తగలలేదు. ప్రజల కోరికను మన్నించి దళపతిగారు సింహాసనం ఎక్కారు. వారి పరిపాలన శాశ్వతం.

ఈ చాటింపును మా రాజధాని తిర్సా పట్టణపు ద్వారం దగ్గర హేలెసు వేశాడు. ఇరవై ఏళ్లుగా రాజుల మాటలు మోసిన గొంతు అతనిది. పొట్టేలు కొమ్ము ఊది, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. ప్రజల కోరిక ఏమిటో ప్రజలకు కూడా అప్పుడే తెలిసింది. తెలిసిన వెంటనే మోకరించాం.

పట్టణ పెద్ద బుక్కీగారు ఉపన్యసించారు: "ఇలాంటి ప్రభువు కోసం మా తాతల నాటి నుంచి కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాం. పోయినాయన వట్టి తాగుబోతు. బతికుండగా ఆ మాట చెప్పి ఆయన్ని నొప్పించడం మర్యాద కాదని ఊరుకున్నాం."

కొత్త రాజు చురుకైనవాడు. మొదటి రోజే పాత రాజు బంధువులందరినీ చంపించాడు. రెండో రోజు స్నేహితుల వంతు. దాంతో, తాము పాత రాజుకు ప్రాణస్నేహితులమని ఇన్నాళ్లూ గొప్పలు పోయినవాళ్లంతా, అదంతా కోతలేనని ఇల్లిల్లూ తిరిగి ఒప్పుకున్నారు. పట్టణంలో ఇంత సత్యసంధత ఎన్నడూ లేదు. పన్ను వేయని రాజు కూడా మా చరిత్రలో ఈయనొక్కడే. తీరిక దొరకలేదు.

చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. ఫిలిష్తీయులతో పోరాడటానికి గిబ్బెతోను పట్టణానికి వెళ్లిన మా సైన్యం ఈ వార్త విని, తన సేనాపతినే రాజుగా చేసుకుంది. ఆరో రోజు ఉదయానికి మా గోడల కింద దిగింది.

రాజుగారు వెంటనే ఆజ్ఞ జారీ చేశారు: బయట సైన్యం లేదు.

గోడెక్కి ఈ సంగతి చాటాల్సింది హేలెసు. కొమ్ము తీసుకోవడానికి ఇంటికి వెళ్లాడు.

"ఏమయ్యా, గోడెక్కి అరిస్తే బయటోళ్లు బాణం వెయ్యరూ?" అంది భార్య హొగ్లా.

"వేస్తారే."

"అరవకపోతే?"

"లోపలాయన తల తీస్తాడు."

హొగ్లా అతని పైబట్ట సర్దింది. "అయితే కాస్త మర్యాదగా అరిచి రా. బాణాలున్నోళ్లు కదా."

హేలెసు గోడెక్కాడు. "ప్రజలారా! మన పట్టణం చుట్టూ ఏ సైన్యమూ లేదు!"

కింద నుంచి ఒక సైనికుడు తలెత్తాడు. "ఒరేయ్! మరి మేమెవరంరా?"

"రాజాజ్ఞ ప్రకారం తమరు లేరండీ."

"నడిచి నడిచి కాళ్లు పుళ్లు పడ్డాయి, లేమంటావేంట్రా?"

"లేని కాళ్లకు పుళ్లేంటండీ?" అనేసి, హేలెసు గొంతు తగ్గించాడు. "చంపకండి బాబూ, పొట్టకూటి కోసం చెప్పే మాట."

సైన్యం పగలబడి నవ్వింది. బాణం ఎక్కుపెట్టినవాడు నవ్వాపుకోలేక విల్లు దించేశాడు. గోడ లోపల మేం మాత్రం నవ్వలేదు. సైన్యం లేదని తేలినందుకు ఊపిరి పీల్చుకుని, రొట్టెలు కాల్చుకోవడానికి ఇళ్లకు వెళ్లాం.

ఏడో రోజు ఆ లేని సైన్యం లోపలికి వచ్చింది. రాజు తలుపులు బిగించుకుని, రాజభవనానికి తనే నిప్పు పెట్టుకుని అందులో కాలిపోయాడు. హేలెసు వీధిలో కూలబడి ఏడ్చాడు. "ఇవాళ్టికి అబద్ధం చెప్పక్కర్లేదే" అన్నాడు హొగ్లాతో.

మధ్యాహ్నానికల్లా సేనాపతి కబురు పెట్టాడు. హేలెసు మళ్లీ లేచి కొమ్ము ఊదాడు: "పోయిన రాజుకు మొక్కినవాళ్లు శిక్ష పొందడానికి ముందుకు రావాలి!"

ఒక్కరూ కదల్లేదు. ఆ ఏడు రోజులూ పట్టణం నిర్మానుష్యంగా ఉన్నట్టు అధికారికంగా రాసుకున్నారు.

రెండో చాటింపు: "ఆ దుర్మార్గుణ్ణి ఎదిరించినవాళ్లు బహుమానం అందుకోవడానికి రావాలి!"

ద్వారం దగ్గర తొక్కిసలాటలో పదకొండు మందికి కాళ్లు విరిగాయి. నిరంకుశ పాలన మీద మా తిర్సా సాగించిన పోరాటంలో గాయపడిన వీరులు వీరే. హేలెసు దంపతులు గోడవారగా నిలబడి చూస్తూ ఉండిపోయారు. నేను మూడో వరుసలో ఉన్నాను. అంత గుంపులో మీరు నాకు కనబడలేదు. నాకన్నా ముందే వెళ్లి ఉంటారు.