ఫ్రాన్సు దాకా తొక్కిన సైకిలు

ఆ శుక్రవారం పొద్దున భోజన్న వేసుకున్న పథకంలో హాయిల్ ఊసు లేదు, ఫ్రాన్సు ఊసు అసలే లేదు. ఫ్రాన్సు సారు సైకిలుకు నాలుగు చుక్కల నూనె పోసి, అటునుంచి అటే రియాదులోని బతా బజారుకు వెళ్లి పెట్టెకు జిప్పు వేయించుకుని, మధ్యాహ్నం తిండివేళకు సులైలో తానుండే కూలీల క్యాంపుకు చేరుకోవాలి. సాయంత్రం ముదీరు, అంటే కంపెనీ మేనేజరు, క్యాంపుకు వచ్చి అతని సెలవు కాగితం మీద సంతకం పెడతాడు. పెట్టి, ఆ రాత్రికే తన ఊరు కైరోకు విమానం ఎక్కుతాడు. ఆయన వెళ్లేలోపు సంతకం పడలేదా, నాలుగేళ్లకు దొరికిన సెలవు నీళ్లపాలే. అందుకే భోజన్న ఊరికి వెళ్లేనాడు వేసుకుందామని కొన్న చొక్కాను ఎలా ఉంటుందో చూద్దామని తొడుక్కుని, ఖాళీ పెట్టె చేతబట్టుకుని, తెల్లారకముందే బయటపడ్డాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. సెలవు రోజున సారువాళ్ల సొంత పనులు చేసిపెడితే సూపర్‌వైజరు ఖాదర్ మొహిద్దీన్‌కు గిట్టదు.

ఫ్రాన్సు సారు ఒక ఇంజనీరు. భోజన్న మెయింటెనెన్సు పని చేసే విల్లాల్లోనే ఉంటాడు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక, దేశం పేరునే ఆయనకు పెట్టేశారు. ఆయన సైకిలు ఉన్నచోటు నుంచి అంగుళం కదలదు. ఎదురుగా గోడంత తెర. తొక్కినకొద్దీ తెర మీద ఫ్రాన్సు దక్షిణాదిలో ఉన్న ఆయన ఊరి దారులు నడుస్తాయి. దారి ఎగువైతే పెడలు బరువెక్కుతుంది, దిగువైతే తేలికవుతుంది. గాలి కోసం ముందు పెద్ద ఫ్యాను కూడా ఉంది. డబ్బు పోసి కొన్న సైకిలు కదలకపోతే మా ఊళ్లో తిరిగి ఇచ్చేస్తారే అని భోజన్న మొదట్లో తెగ ఆశ్చర్యపోయాడు. ఆ వారం అది కిర్రుకిర్రుమంటున్నదని సారు బతిమాలి, తాళం చేతికిచ్చి, తాను స్నేహితులతో ఎడారి చూడటానికి వెళ్లాడు.

నూనె పోశాక తొక్కి చూడక తప్పదు కదా. భోజన్న ఎక్కి కూర్చుని పెడలు మీద కాలు వేశాడు. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. రెండు వైపులా పెద్ద చెట్లు, పైన కొమ్మలు కలుసుకుని పందిరి వేసిన రోడ్డు. అది దాటగానే మిట్టపల్లాల నేల, వరసలు తీర్చిన ద్రాక్ష తోటలు, దూరంగా గుట్ట మీద గూనపెంకుల ఇళ్లు. చూస్తూ చూస్తూ భోజన్న కాలు ఆపడం మరిచిపోయాడు.

ఆ మిట్టలు అచ్చం తమ ఊరి మెట్‌పల్లి రోడ్డు మీది మిట్టల్లాగే ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో పోశమ్మను వెనక కూర్చోబెట్టుకుని అంగడికి తీసుకుపోయేవాడు. సైకిలు పెదనాన్నది. కల్వర్టు దాటాక ఎత్తు వచ్చేది. పోశమ్మ వెనక నుంచి మెల్లగా "దిగాల్నా?" అనేది. "కూసో. దిగితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అని ఆయాసాన్ని మింగుతూ తొక్కేవాడు. రియాదులో ఇన్నేళ్లూ ఆ మాట అడిగే మనిషి లేక, ఎత్తులన్నీ ఒంటరిగా ఎక్కినట్టే అనిపించింది అతనికి. ఈ దారి పోశమ్మకు చూపించకపోతే పాపం అనిపించి, హ్యాండిలుకు ఫోను ఆనించి వీడియో కాల్ కలిపాడు.

కొద్దిసేపు తన ముఖం చూపించాడు, తర్వాత తెర చూపించాడు. "చూడవే, ఎంత పచ్చగున్నదో" అన్నాడు. మిగిలిన మాటలు ఫ్యాను హోరులో కలిసిపోయాయి. ఇక చెప్పుకుందామనేలోగా ఫోనులో చార్జింగు అయిపోయింది.

అక్కడ పోశమ్మకు కనిపించింది వేరు. మొగుడు కొత్త చొక్కాలో, జుట్టు గాలికి ఎగురుతుండగా, చెమటలు కక్కుతూ, పచ్చటి పొలాల్లో సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. సౌదీలో పచ్చదనమంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, హాయిల్. పక్కింటి గురవయ్య తన సేటు దగ్గర పని వదిలి అక్కడి గోధుమ పొలాలకే పారిపోయాడు. అలా పారిపోయినవాణ్ణి ఖల్లివెల్లి అంటారు. వాడికి కాగితాలుండవు, ఇంటికి దారి ఉండదు. గురవయ్య కూడా ఒకనాడు ఇలాగే ఫోనులో పచ్చటి పొలం చూపించాడు. అంతే, మళ్లీ జాడ లేదు.

పోశమ్మ వెంటనే బతాలో మెస్సు నడిపే తమ్ముడు స్వామికి ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ ఖల్లివెల్లి అయిండు. హాయిల్ల ఉన్నడు. నా కండ్లార చూసిన."

స్వామి సగం ఉడికిన అన్నం పొయ్యి మీద నుంచి దించి క్యాంపుకు పరుగెత్తాడు. బావ ఫోను పలకదు. గదిలో బావ లేడు, మంచం కింద పెట్టె లేదు. పక్క మంచం ఓబులయ్య, తెల్లారకముందే కొత్త చొక్కా వేసుకుని పెట్టె మోసుకుంటూ పోయాడని సాక్ష్యం చెప్పాడు. ఖాళీ పెట్టె ఓబులయ్య నోట పడేసరికి మోయలేనంత బరువెక్కింది. తనను చూసి భోజన్న తల దించుకున్నాడని, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయని అతను చెప్పుకుంటూ పోయాడు.

ఖాదర్ మొహిద్దీన్‌ది కడప. మాట కటువు, మనసు మెత్తన. భోజన్న సెలవుకు ముదీరు దగ్గర పూచీ పడింది అతనే. ఆ కాగితం కూడా అప్పుడు అతని జేబులోనే ఉంది. మనిషి పారిపోయాడని తెలిస్తే ముందు ఊడేది పూచీ పడినవాడి ఉద్యోగం. "ముదీరు వచ్చేలోగా వాణ్ణి తెచ్చి ఈడ నిలబెట్టాల. ఎక్కు బండి" అన్నాడు స్వామితో. హాయిల్ ఏమీ పక్కవీధి కాదు. కానీ కంగారుకు కిలోమీటర్లు తెలియవు కదా. కంపెనీ పికప్పు ఉత్తరం దారి పట్టింది.

ఇవేవీ తెలియని భోజన్న ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. తెర మూలన చిన్న పటం మీద ఎర్రచుక్క ఒకటి పాకుతున్నది. అది సారు సైకిలని, చివర్న ఉన్న జెండా చేరవలసిన చోటని అతనికి అర్థమైంది. చుక్క సగం దారిలో, ఒక తోట పక్కన ఉంది. ఒకరి సైకిలు అడిగి తీసుకుని నడిదారిలో వదిలేసి రావడం వాళ్ల ఊళ్లో ఎవరూ చేయరు. పెదనాన్న సైకిలునైతే తుడిచి మరీ ఆయన గుమ్మం ముందు నిలబెట్టేవాడు. రేపు సారు ఎక్కితే, పాపం, ఆ తోటల్లో ఒంటరిగా దిగబడిపోడూ? ఈ ధర్మసందేహంతో మిట్ట వెనక మిట్ట ఎక్కాడు. చివరికి గుట్ట మీది ఊరు వచ్చింది, చర్చి గంటలు మోగాయి, చుక్క జెండాను చేరింది. భోజన్న దిగి, సైకిలు తుడిచి, అలవాటు కొద్దీ స్టాండు కోసం కాలితో తడిమాడు.

బతాకు వెళ్లేసరికి జిప్పుల దుకాణం నమాజు కోసం మూసి ఉంది. బస్సులో నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటి, వెనక్కి నడిచి, క్యాంపుకు చేరేసరికి ముదీరు కారు గేటు దగ్గర ఆగి ఉంది. భోజన్నను చూసి ఓబులయ్య దయ్యాన్ని చూసినట్టు లేచాడు. "నిన్ను వెతకను ఖాదర్ సార్, మీ బామ్మర్ది హాయిల్‌కు పోయినారు గదప్పా. నీ కాగితం గూడా ఆయన జేబులోనే ఉండాది" అన్నాడు.

ఈలోగా ముదీరు తన లెక్క తాను తేల్చుకున్నాడు. సూపర్‌వైజరు లేడు, కంపెనీ బండి లేదు, ఫోను అందదు. సూపర్‌వైజరూ ఆ మెస్సువాడూ కలిసి బండి ఎత్తుకుని పారిపోయారు. ఫిర్యాదు చేయడానికి ఫోను తీశాడు. భోజన్న తన సెలవు మాట మరిచి ఆయనకు అడ్డం నిలబడ్డాడు. వాళ్లు పారిపోలేదని, పారిపోయిన తనను వెతకడానికి వెళ్లారని, తానేమో పారిపోలేదని, తాను తొక్కింది కదలని సైకిలేనని, వచ్చినంత అరబ్బీలో మొరపెట్టుకున్నాడు. ముదీరు మూడుసార్లు విని నాలుగోసారి తల పట్టుకున్నాడు.

అప్పుడే, ఓబులయ్య చార్జింగుకు పెట్టిన భోజన్న ఫోను ప్రాణం వచ్చి మోగింది. హాయిల్ దారిలో బురైదా దాటిన చోట నుంచి స్వామి.

"బావా, యాడున్నవు? కదలకు, మేం వస్తున్నం."

"నేను క్యాంపుల ఉన్నర."

"నాకెరుకే. నీ పక్కన కొత్త సేటు నిలవడి గట్ల చెప్పిస్తున్నడు గద?"

విధి లేక భోజన్న వీడియో తిప్పి పక్కన నిలబడ్డ మనిషిని చూపించాడు. అటువైపు స్టీరింగు పట్టుకున్న ఖాదర్ మొహిద్దీన్ ముదీరు ముఖాన్ని చూశాడు. పికప్పు దానంతటదే ఆగినట్టు ఆగింది.

వీళ్లిద్దరూ తిరిగి వస్తారని పూచీ ఎవరని ముదీరు అడిగాడు. తానే అన్నాడు భోజన్న. పొద్దున పారిపోయినవాడు, సాయంత్రానికి తనకు పూచీ పడినవాడికే పూచీ! ముదీరు నవ్వడం క్యాంపులో ఎవరూ చూడలేదు, ఆరోజు చూశారు. కదలని సైకిలు మీద అంతదూరం పోయినవాణ్ణి ఇంటికి పంపకపోతే, ఈసారి నిజంగానే పోతాడని గొణుగుతూ కారులోంచి కొత్త కాగితం తీసి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత భోజన్న పోశమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఏడుపు ఆపి, ఫ్యాను సంగతీ తెర సంగతీ అంతా విన్నది. విన్నాక గొంతు మార్చి, ఎప్పటిలాగే కూతురి పేరు కలిపి పిలిచింది.

"సృజన బాపూ, ఒక్కటి చెప్పు. ఎనక ఎవలు కూసున్నరు?"

"ఆ సైకిలుకు క్యారియరే లేదు."

"మరి ఆ ఒంగుడేంది? ఎనక మనిషుంటెనే నువ్వట్ల ఒంగి తొక్కుతవు. నాకెరుక లేదా?"

"నువ్వే ఉన్నవు" అన్నాడు భోజన్న.

ఎడారి నుంచి తిరిగి వచ్చిన ఫ్రాన్సు సారు ఎవరో తన దారంతా తొక్కారని కనిపెట్టాడు. కోప్పడలేదు. చివరి గుట్ట దగ్గర కష్టమైందా అని మాత్రం అడిగాడు. చాలా కష్టమైందన్నాడు భోజన్న. తనకూ అంతేనని, తన ఇల్లు ఆ గుట్ట అవతలే ఉందని చెప్పి సారు కిటికీ వైపు తిరిగాడు.

ఊరికి వచ్చిన మూడోనాడే భోజన్న సైకిలు ఒకటి సంపాదించి పోశమ్మను ఎక్కించుకుని మెట్‌పల్లి రోడ్డు పట్టాడు. కల్వర్టు దాటింది, ఎత్తు వచ్చింది. పోశమ్మ "దిగాల్నా?" అనేలోపే అతను దిగి, ఆమె కూర్చుని ఉండగానే సైకిలును తోయడం మొదలుపెట్టాడు. పరాయి దేశం గుట్టలన్నీ ఎక్కినవాడు ఇంటి ముందటి మిట్ట ఎక్కలేడా అని ఆమె నవ్వింది.

"ఫ్రాన్సుల నువ్వు ఇంత బరువు లేకుంటివి" అన్నాడు భోజన్న రొప్పుతూ.