ట్రాక్టర్‌కు కట్టిన విమానం

శుక్రవారం పొద్దున భాస్కర్ పెట్టుకున్న పని చిన్నది. మిర్యాలగూడ వెళ్లి తన ట్రాక్టర్ స్పేర్‌పార్టుల దుకాణం తెరవాలి. పక్క స్టూడియోలో తండ్రి ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించాలి. మధ్యాహ్నం భోజనానికి గరిడేపల్లిలోని ఇంటికి చేరాలి. ఆదివారం తండ్రి లచ్చయ్య ఏడాది మాసికం.

ఇంట్లో లచ్చయ్య ఫొటోలు లేక కాదు. ఆధార్ కార్డు మీద ఉంది, పట్టాదారు పుస్తకం మీద ఉంది, దవాఖానలో ఫోన్‌తో తీసినవి ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ ఆయన నవ్వలేదు. అందుకని తల్లి నర్సమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక నలుపు తెలుపు ఫొటో తీసి, గుడ్డతో తుడిచి, కొడుకు చేతిలో పెట్టింది.

"మీ నాయన నవ్విన ఫొటో గిదొక్కటే బిడ్డా. మంచంల పడ్డ మొఖమే నా కండ్లల్ల తిరుగుతున్నది. నవ్విన మొఖం గోడకు పెట్టుకొని పదిమందికి బువ్వ పెడుదామని ఉన్నది. జర పైలంగ తీస్కపో."

గోడకు మేకు అప్పటికే ఆమె కొట్టి పెట్టింది.

భాస్కర్ ఊరు దాటాక చాయ్ హోటల్ దగ్గర బండి ఆపి, కవరులోంచి ఫొటో తీసి చూశాడు. అక్కడితో ఆ రోజు పని చెడిపోయింది.

అరచేతిలో ఇమిడే ఫొటో. చెమ్మ తగిలి అక్కడక్కడా తెల్ల మచ్చలు పడ్డాయి. మధ్యలో ఒక యుద్ధవిమానం. అందులో తోలు టోపీ, కళ్లకు పెద్ద అద్దాలు, కోటు, మీసంతో ఒక మనిషి బిగుసుకుని కూర్చున్నాడు. విమానానికి కట్టిన తాడు పక్కనున్న ట్రాక్టర్ దాకా వచ్చింది. ట్రాక్టర్ మీద బనీను తొడుక్కున్న ఒక కుర్రవాడు వెనక్కి వాలి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఒక మూలన గొర్రె ఉంది. ఫొటో వెనుక రబ్బరు ముద్ర చెరిగిపోయి, 1971 అన్న అంకె మాత్రం మిగిలింది.

వేరే ఎవరైనా అయితే ఫొటోను మళ్లీ కవరులో పెట్టుకుని పోయేవారు. భాస్కర్‌కు అది సాధ్యం కాదు. యుద్ధకాలపు పాత ఫొటోలు చూసి అందులోని ట్రాక్టర్ ఏదో, విమానం ఏదో చెప్పుకునే ఒక వాట్సాప్ గుంపులో అతనికి మంచి పేరుంది. బురదలో సగం దిగబడిన ముందు చక్రం చూసి ట్రాక్టర్ పేరు చెబుతాడు. రెక్క కొస చూసి విమానం పేరు చెబుతాడు. తండ్రి పోయాక ఆ అలవాటు ఎక్కువైంది. ఆ ఫొటోల్లోని మనుషులంతా ఎవరికో తండ్రులే గాని అతనికి ఏమీ కారు. వాటిని చూస్తున్నంతసేపూ మనసు కుదురుగా ఉండేది.

ఇప్పుడు కుదురు పోయింది. యుద్ధకాలపు విమానాశ్రయాల్లో విమానాలను ట్రాక్టర్లతో లాగేవారని అతనికి తెలుసు. ట్రాక్టర్ ఉంది, తాడు ఉంది, విమానం ఉంది, యుద్ధం జరిగిన సంవత్సరం ఉంది. ఇక ఆ ఇద్దరిలో తండ్రి ఎవరన్నది తేలాలి. లచ్చయ్య నవ్వడం భాస్కర్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. విమానంలో ఉన్న మనిషి నవ్వడం లేదు. ఆ గడ్డం, ఆ ముక్కు రోజూ అద్దంలో తనకు కనిపించేవే. కాబట్టి అతనే తండ్రి. తల్లికి ఒక కంట్లో శుక్లం ఉంది, మీసం వంపు చూసి నవ్వు అనుకుని ఉంటుంది.

పెళ్లయిన కొత్తలో లచ్చయ్య నాగార్జున సాగర్ ఎడమ కాలువ పనికి పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మాట ఇప్పుడు భాస్కర్‌కు అనుమానంగా వినిపించింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నాయన విమానం సంగతి మాకెన్నడు చెప్పలేదేంది?"

నర్సమ్మ గొంతు తగ్గించింది. "ఏమని చెప్తడు బిడ్డా. ఎవలకు చెప్పొద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నడు. ఇప్పుడెందుకది, నువ్వు ఫొటో పని సూడు."

ఒట్టు. భాస్కర్ చాయ్ చల్లారిపోయింది. ఫొటోను ఫోన్‌తో తీసి గుంపులో పెట్టాడు.

మిర్యాలగూడ చేరేలోపే గుంపు కదిలింది. ట్రాక్టర్ విషయం ముందు తేలింది. మిర్యాలగూడలో పాత ట్రాక్టర్లు కొని బాగుచేసి దాచుకునే బిచ్చా, అలాంటిది తన దగ్గర ఒకటి ఉందని, ఇప్పటికీ స్టార్టవుతుందని రాశాడు. విమానం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరు ఏ పేరు చెప్పినా ఇంకొకరు తోక చూపించి కాదన్నారు. చివరికి కోదాడ నుంచి ధర్మా ఫోన్ చేశాడు. వైమానిక దళంలో చేసి రిటైరైన మనిషి. రేషన్ స్టోర్సులో చేశాడన్న సంగతి ఎవరైనా అడిగితేనే చెబుతాడు. అసలు ఫొటో చూడకుండా నోరు తెరవనని, వెంటనే బయలుదేరి రమ్మని అన్నాడు. భాస్కర్ దుకాణం షట్టర్ సగం ఎత్తినవాడు మళ్లీ దించాడు.

కోదాడలో ధర్మా భూతద్దం పెట్టుకుని ఫొటో మీద చాలాసేపు వంగి ఉన్నాడు. ముందు మనిషిని చూశాడు. "సందేహం లేదండీ, అచ్చం మీ ముఖమే." తరువాత విమానం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"భాస్కర్ గారూ, ఇది మన విమానం కాదండీ. ముందర పాతకాలం ఫంకా, వెనక జెట్టు తోక. మనవాళ్లు ఇలాంటిది ఏనాడూ వాడలేదు. మనం వాడనిది మన ట్రాక్టర్‌కు కట్టి ఉందంటే, ఎక్కడిదై ఉంటుంది చెప్పండి?"

భాస్కర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "శత్రువులదా సార్?"

"నేననలేదు. మీరే అన్నారు."

లచ్చయ్య ఒట్టు వేయించుకున్న సంగతి విన్నాక ధర్మా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పట్టుబడిన శత్రు విమానాన్ని లాగి తెచ్చిన ఘట్టం ఇదని, పైకి చెప్పకూడని పని కాబట్టే కాలువ పని అని చెప్పుకుని ఉంటారని తేల్చాడు. మూలన గొర్రె ఎందుకుందని భాస్కర్ భయపడుతూనే అడిగాడు. దళానికి రేషన్ అలాగే నడిచి వచ్చేదని, ఆ శాఖ సంగతి తనకు బాగా తెలుసని ధర్మా చెప్పాడు. ఒక్క విషయమే ఆయనకు నచ్చలేదు.

"ఈ ట్రాక్టర్ మీద పళ్లికిలిస్తున్నవాడు ఎవడండీ?"

"ఎవడో డ్రైవర్ అయి ఉంటడు సార్."

"క్రమశిక్షణ లేదు. వీరుడి పక్కన వీడెందుకు? తీసేయించండి."

అసలు ఫొటోను ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు. మాజీ సైనికుల సంఘం వాళ్లకు చూపించి, ఆదివారం వాళ్లతోపాటు సగౌరవంగా తెస్తానన్నాడు. భాస్కర్ సరేనని తలూపాడు.

స్టూడియోలో చిన్న ఫ్రేము ఇక కుదరదు. కోదాడ నుంచి అటే సూర్యాపేట వెళ్లి నిఖిల్ ఫ్లెక్సీ దుకాణంలో కూర్చున్నాడు. నిఖిల్ ఫోన్‌లోని ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ట్రాక్టర్‌నూ దాని మీది మనిషినీ గొర్రెనూ కత్తిరించేశాడు. కోటుకు రంగు వేశాడు. ఆకాశంలో విమానాలు పెట్టాడు. చుట్టూ బంతిపూల దండ వేశాడు. ఇంట్లో పెట్టడానికి ఒకటి గట్టి అట్ట మీద, కూడలిలో కట్టడానికి ఒకటి పెద్దది. పెద్దదానిమీద పైన ఎవరెవరి ఫొటోలు వెయ్యాలని అడిగాడు. ఎవరూ వద్దని భాస్కర్ అన్నాడు.

"నాయకుల ఫొటోలు లేకుంటె ఫ్లెక్సీ ఒక్క పూట గూడ ఆగదన్నా. ఎవరో ఒకరు పీకేస్తరు. ఉంటె ఎవడు ముట్టడు."

నాయకులు పైన ఒక వరుసగా వచ్చారు.

భాస్కర్ చీకటి పడ్డాక ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. నర్సమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఫొటో ఏదని అడిగింది. ఫ్రేము కడుతున్నారని చెప్పాడు. శనివారం పొద్దున అడిగింది, సాయంత్రం అడిగింది. "పోగొట్టలేదు గద బిడ్డా? అది పోతె ఇగ లేడు మీ నాయన." అతను పక్కకు తిరిగి, రేపు నువ్వే చూస్తావు అన్నాడు. భార్య సంతోషి ప్రైమరీ స్కూల్లో టీచర్. ఇవన్నీ అత్తమ్మను ఒక్క మాట అడిగితే సరిపోదా అంది. అమ్మను సంతోషపెట్టాలని చేస్తున్న పని ఆమెకే ముందు చెబితే ఎట్లా అని భాస్కర్ అన్నాడు. సంతోషి విస్తరాకులు లెక్కపెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

ఆదివారం తెల్లవారేసరికి సూర్యాపేట నుంచి పటం వచ్చింది, కూడలిలో ఫ్లెక్సీ లేచింది. తన ఫొటో పైన చూసుకున్న మండల నాయకుడు, పిలవకపోయినా వస్తున్నానని కబురు పెట్టాడు. మిర్యాలగూడ నుంచి బిచ్చా తన పాత ట్రాక్టర్‌ను కడిగి, మామిడాకులు కట్టి, పొగ చిమ్ముతూ తెచ్చాడు. చిత్రపటాన్ని దాని మీదే ఊరేగించాలన్నది గుంపులో అతను పెట్టిన ఆలోచన. కోదాడ నుంచి వ్యానులో ధర్మా, మాజీ సైనికులు పతకాలు పెట్టుకుని దిగారు. వంద మందికి వండిన అన్నం చూసి సంతోషి ఇంకో బియ్యం సంచి విప్పింది.

వీధిలో ఇంత జరుగుతున్నా నర్సమ్మ వంటింటి వెనుక పొయ్యి దగ్గరే ఉంది. ట్రాక్టర్ చప్పుడు విని, ఎవరో వరి నాట్లకు పోతున్నారనుకుంది.

ట్రాక్టర్ మీద తెల్లగుడ్డ కప్పిన చిత్రపటం. దానిమీద నిజమైన పూలదండ. సైనికులు వరుసగా నిలబడ్డారు. నాయకుడు శత్రువు గుండెల్లో నిద్రపోయిన గరిడేపల్లి వీరుడి గురించి రాసి తెచ్చుకున్నది చదవడం మొదలుపెట్టాడు. ధర్మా గుడ్డ లాగాడు. అందరూ సెల్యూట్ చేశారు. భాస్కర్ కళ్లు తుడుచుకుని, తల్లిని చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చాడు.

నర్సమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. పటాన్ని చూసింది. సెల్యూట్‌లో ఉన్నవాళ్లను చూసింది. మళ్లీ పటాన్ని చూసింది.

"బతికుండంగనే నాకు దండెందుకేసిన్రు బిడ్డా?"

ఎవరూ చేతులు దించలేదు. దించమని ఎవరు చెప్పాలో తెలియలేదు. నాయకుడు కాగితంలోంచి తల ఎత్తాడు.

"గది నేనురా. దురాజ్‌పల్లి జాతరల, మొక్కు గొర్రెను తీస్కపోయిననాడు. గుడ్డ మీద విమానం బొమ్మ గీసి, ఎనక కట్టెలతోని మంచె కట్టి పెట్టిండు ఫొటోలాయన. గాలికి పడ్తదని మేం పోయిన ట్రాక్టర్‌కు తాడు కట్టిండు. మీ నాయనను ఎక్కమంటె ఎక్కలే. ఎత్తంటె భయం ఆయనకు. సాగర్ కాల్వ కట్ట మీద నిలవడి కిందికి సూడకపోయేది. పైసలు కట్టినం గదా అని నేనెక్కిన. కోటేసి, టోపీ పెట్టి, కాటుకతోని మీసం గూడ దిద్దిండు ఫొటోలాయన. మొగడు భయపడి పెండ్లం ఎక్కిందంటె నవ్వుతరని ఒట్టేపిచ్చుకున్నడు. ఇయ్యాలటిదాంక ఎవలకు చెప్పలే."

సంతోషి పటాన్నీ భర్తనూ మార్చి మార్చి చూసింది. "పెండ్లయినప్పటి సంది చెప్తనే ఉన్న, నీది మీ అమ్మ పోలిక అని."

నర్సమ్మ పటం అంచు దాకా వేలితో వెతికింది. "మీ నాయన ఏడి?"

 ధర్మా సంచిలోంచి కవరు తీసి ఇచ్చాడు. ఆమె అసలు ఫొటో బయటికి తీసి, ట్రాక్టర్ మీది కుర్రవాడి పక్కన వేలు పెట్టి కొడుక్కు చూపించింది. తన మీసం చూసి నవ్వాడట. ఫొటోలాయన కోపం చేసినా ఆపలేదట.

భాస్కర్ చూశాడు. చక్రం చూసి ట్రాక్టర్‌ను గుర్తుపట్టేవాడు, రెక్క కొస చూసి విమానాన్ని గుర్తుపట్టేవాడు. మూడు ఊళ్లు తిరిగి, ఎవడో డ్రైవర్ అని కత్తిరించి పారేయించిన ముఖం అది. నోరంతా తెరిచి, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది. ఆ మనిషి తనకంటే చాలా చిన్నవాడు. భాస్కర్ ఫొటో మీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

సభ ఎట్లా ముగించాలో తెలియక నాయకుడు, నాన్న అని ఉన్నచోటల్లా అమ్మ అని మార్చుకుని ప్రసంగం చివరిదాకా చదివాడు. సైనికుల్లో అందరికంటే పెద్దాయన, ఎత్తుకు భయపడని మనిషికి చేసిన సెల్యూట్ వృథా కాదని చెప్పి ముందుగా విస్తరి దగ్గర కూర్చున్నాడు. పటం మీది దండ తీయడానికి చుట్టాలు సందేహించారు. నర్సమ్మే తీసింది. చిన్న ఫొటోకు అది చాలా పెద్దదైంది. అందుకని ఒక్క బంతిపువ్వు తెంపి, ఫ్రేము లేని ఫొటోను మేకుకు ఆనించి, పువ్వును పైన గుచ్చింది. గొర్రె, ట్రాక్టర్, తాడు, తను, అందరూ అందులోనే ఉన్నారు. తరువాత వడ్డించమంది.

సాయంత్రం భాస్కర్ గుంపులో జవాబు పెట్టాడు. విమానం గుడ్డది, నడిపింది మా అమ్మ, నవ్వుతున్నది మా నాయన.  రాత్రికి ధర్మా రాశాడు. విమానం గుడ్డదే కావచ్చు గాని, తోక మాత్రం శత్రువులదేనండీ.

పటాన్ని సంతోషి బట్ట చుట్టి అటక మీద పెట్టింది. కూడలిలోని ఫ్లెక్సీ మాత్రం ఇంకా ఉంది. పైన నాయకులున్నారు కాబట్టి దించే ధైర్యం ఎవరికీ లేదు, నర్సమ్మ రోజూ దాని కింది నుంచే పాలకు పోయి వస్తోంది.